ఈ బిడ్డ మాట్లాడకపోవడానికి పాపము చేసినది ఎవరు?

ఈ నెల మేము వ్రాయబోయే సంగతి కొంచెం క్లిష్టమైనది. మెదడు, రక్తము, ఎంజైములు అనే మాటలు ఇందులో పదే పదే వస్తాయి. మేము డాక్టర్లము కాము. అయినా ఈ సంగతులు తెలియక మేమే ఒక తల్లి ఎడల తప్పు చేశాము. కాబట్టి తెలిసికొన్నంత మట్టుకు మీకు చెప్పుట మా బాధ్యత అని తలంచి వ్రాస్తున్నాము. ఓపికతో చదవండి. మీ ఇంటిలో గాని, మీ వీధిలో గాని, మీ సంఘములో గాని ఇటువంటి బిడ్డ ఉండవచ్చును.

ఎల్లారెడ్డి వైపు నుండి వచ్చిన తల్లి

కొన్ని సంవత్సరముల క్రిందట ఎల్లారెడ్డి వైపు ఒక పల్లె నుండి ఒక సహోదరి తన కొడుకును చంకన వేసికొని కామారెడ్డికి, మా యొద్దకు వచ్చింది. భర్త దుబాయిలో పనిచేస్తున్నాడు. ఆమె ఇంటి దగ్గర బీడీలు చుడుతుంది. బిడ్డకు నాలుగేండ్లు. చూడటానికి చక్కని బిడ్డ. కాని పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. రెండేండ్లు నిండకముందు "అమ్మ", "పాలు" అనేవాడట. ఆ మాటలు కూడ పోయాయి. పాలక్యాను మూతను నేలమీద గిరగిర త్రిప్పుతూ గంటలకొద్దీ కూర్చుంటాడు. తోటి పిల్లలు పిలిచినా పోడు. చెవుడేమోనని చూపిస్తే వినికిడి బాగానే ఉన్నదన్నారు.

"అయ్యగారూ, నేనేం పాపం జేసిన్నని దేవుడు నాకు గిట్ల జేసిండు?" అని ఆమె అడిగింది.

మేమేమి చెప్పామో దాచకుండ వ్రాస్తాము. ఉపవాసముండి ప్రార్థించమన్నాము. ఇంటిలో ఏదైనా ఒప్పుకొనని పాపమున్నదేమో పరీక్షించుకొమ్మన్నాము. ఆ ఆదివారము ఆరాధన తరువాత సంఘ పెద్దలతో కలిసి బిడ్డ తలమీద చేతులుంచి, గట్టి స్వరముతో ప్రార్థించాము. బిడ్డ కెవ్వుమని అరచి, మా చేతులు విదిలించుకొని, నేలమీద పడి తల బాదుకొన్నాడు. పెద్దలలో ఒకరు "ఇది అపవిత్రాత్మ పనే" అన్నారు. మేము కాదనలేదు. ఆ తల్లి ముఖము ఇప్పటికీ మా కండ్లముందున్నది.

చాలా కాలము తరువాత ప్రత్యేక అవసరముల పిల్లలకు బోధించే ఒక టీచరమ్మ మాకు ఒక సంగతి చెప్పింది. ఇటువంటి బిడ్డలలో అనేకులకు పెద్ద శబ్దము చెవిలో సూది గుచ్చినట్లుంటుందట. పరాయివారి చేయి మీద పడితే భరించలేరట. ఆ బిడ్డ అరచినది దయ్యమువలన కాదు. మావలన! మైకులో మా స్వరము, తలమీద ఆరేడుగురి చేతులు. నొప్పితో అరచిన బిడ్డను చూచి మేము దానినే సాక్ష్యముగా ఎంచుకొన్నాము. ప్రభువు మమ్మును క్షమించును గాక.

ఆ ప్రశ్న క్రొత్తది కాదు

యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్న మీకు తెలుసు. తప్పు చేసినది వీడా, వీని కన్నవారా అని వారి సందేహము. ప్రభువు ఆ లెక్కనే కొట్టివేశాడు. వీడూ కాదు, కన్నవారూ కాదు అని చెప్పి, చేయవలసిన పని చూచుకొన్నాడు. అయినా మనము ఈ దినమువరకు శిష్యుల ప్రశ్నే అడుగుతున్నాము.

మన పల్లెలు మాత్రమే అడిగాయనుకొనవద్దు. ఆటిజమ్ అనబడే ఈ స్థితిని 1943లో అమెరికాలోని బాల్టిమోర్ పట్టణములో డాక్టర్ లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి వివరించాడు. తరువాతి కాలములో పెద్ద చదువులు చదివిన వారే దీనికి తల్లులను నిందించారు. ప్రేమలేని తల్లులవలన, మంచుగడ్డవంటి మనస్సుగల తల్లులవలన బిడ్డ తనలోనికి ముడుచుకొనిపోతాడని బోధించారు. చికాగోలోని బ్రూనో బెట్టల్‌హైమ్ 1967లో ఇదే భావముతో పుస్తకము వ్రాశాడు. ఎంతమంది తల్లులు ఆ నింద మోసికొని బ్రతికారో దేవునికే తెలుసు.

ఈ నిందను ఎదిరించినవారిలో ఒకడు బెర్నార్డ్ రిమ్లాండ్. ఇతడు మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజమ్ గల కుమారుని తండ్రి కూడ. ఇది తల్లి పెంపకములోని లోపము కాదు, శరీరములో, మెదడులో పుట్టిన భేదము అని 1964లోనే పుస్తకము వ్రాశాడు. తరువాత 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనే డాక్టర్లు 21 జతల కవలలను పరిశీలించారు. అచ్చు ఒకే పోలికగల కవలలు 11 జతలు ఉండగా, వారిలో 4 జతలలో ఇద్దరికీ ఆటిజమ్ ఉన్నది. వేర్వేరు పోలికల కవలలు 10 జతలలో ఒక్క జతలోనైన ఇద్దరికీ లేదు. ఇది తల్లి ఒడిలో గాక, గర్భములోనే, జన్యువులలోనే మొదలవుతుందని దీనివలన లోకమునకు తెలియసాగింది.

ఎంజైము అంటే ఏమిటి?

జొన్నరొట్టె ముక్క నోటిలో వేసికొని మ్రింగకుండ కొంతసేపు నమలండి. కాసేపటికి తియ్యబడుతుంది. పంచదార ఎక్కడనుండి వచ్చింది? మన లాలాజలములో ఉన్న ఒక ఎంజైము జొన్నలోని పిండిపదార్థమును విరిచి చక్కెరగా మార్చింది. ఎంజైము అనగా ఇదే. ఒక పదార్థమును మరియొక పదార్థముగా త్వరగా మార్చే పనివాడు. మన శరీరములో ఇటువంటివి వేలకొలది ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క పనికే నియమింపబడినది.

పోచారం ప్రాజెక్టు కాలువ చూచినవారికి ఇంకా సులభముగా అర్థమవుతుంది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలముల పొలములకు నీరు తూముల గుండా పోతుంది. ఒక తూము మూసికొనిపోతే ఏమవుతుంది? పైన నీరు నిలిచి గట్టు ముంపు. క్రింద మడి ఎండు. రెండు వైపులా నష్టమే. శరీరములో ఒక ఎంజైము లోపిస్తే అదే జరుగుతుంది. మారవలసిన పదార్థము మారక పేరుకొనిపోతుంది. తయారు కావలసినది తయారు కాదు.

దీనికి స్పష్టమైన ఉదాహరణ ఫినైల్‌కీటోన్యూరియా అనే వ్యాధి. నార్వే దేశములో బోర్గ్‌నీ ఎగెలాండ్ అనే తల్లికి ఇద్దరు బిడ్డలు. ఇద్దరికీ బుద్ధి ఎదగలేదు. వారి ఒంటినుండి ఏదో ముక్కవాసన వచ్చేది. డాక్టర్లందరు చేసేదేమీ లేదన్నా ఆమె ఊరకుండలేదు. చివరకు 1934లో డాక్టర్ అస్‌బ్యోర్న్ ఫోలింగ్ ఆ బిడ్డల మూత్రమును పరీక్షించి, అందులో ఉండకూడని పదార్థమున్నదని కనుగొన్నాడు. ఫినైలలనిన్ అనునది పాలు, పప్పు, మాంసము మొదలైన ఆహారములో ఉండే పదార్థము. దానిని మార్చవలసిన ఎంజైము ఆ బిడ్డలలో సరిగా పనిచేయక, అది పేరుకొని మెదడును చెరుపుతున్నదని తరువాత తేలింది.

ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో షీలా అనే పసిపిల్లకు ఇదే వ్యాధి. ఆమె తల్లి ప్రతి ఉదయము ఆసుపత్రిలో డాక్టర్ హార్స్ట్ బికెల్‌ను నిలువరించి, "నా బిడ్డకేమి చేస్తారు?" అని అడిగేది. ఏమీ లేదన్నా వినలేదు. ఆమె పోరు పడలేక ఆ డాక్టరు తన తోటివారితో కలిసి ఫినైలలనిన్ తీసివేసిన ప్రత్యేక ఆహారమును సిద్ధపరచాడు. తల బాదుకొనుచు, కూర్చొనలేక, తల్లిని గుర్తింపలేక ఉన్న ఆ బిడ్డ క్రమముగా ప్రాకనేర్చి, నిలువనేర్చింది. ఈ సంగతి 1953లో లోకమునకు తెలియజేయబడింది. తరువాత 1960ల దశకములో అమెరికా డాక్టర్ రాబర్ట్ గత్రీ, పుట్టిన బిడ్డ మడమనుండి తీసిన రక్తపు చుక్కతోనే ఈ వ్యాధిని కనిపెట్టే పరీక్షను తెచ్చాడు. మొదటి వారములలోనే పథ్యము మొదలుపెడితే బిడ్డ అందరివలె ఎదుగును. ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగి రాదు.

పథ్యము అందని ఈ బిడ్డలలో కొందరిలో ఆటిజమ్ లక్షణములే కనిపిస్తాయి. అందుచేతనే ఆటిజమ్ అన్న ప్రతి బిడ్డలోను ఏదో ఒక ఎంజైము లోపమున్నదేమోనని శాస్త్రజ్ఞులు వెదకసాగారు. వెదకుట మంచిదే. అయితే ఇక్కడ ఒక మాట గుర్తుంచుకొనవలెను: ఆటిజమ్ గల బిడ్డలలో ఇటువంటి ఎంజైము వ్యాధి గలవారు బహు కొద్దిమంది మాత్రమే. ఒక తూము మూసికొన్నందున ఒక మడి ఎండితే, ఎండిన ప్రతి మడికీ అదే కారణమని చెప్పలేము.

మన హైదరాబాదులో తేలిన సంగతులు

ఇదంతా విదేశముల కథ అనుకొనవద్దు. హైదరాబాదు పరిశోధకులు నగరములోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో పుట్టిన 18,300 మంది శిశువుల రక్తమును పరీక్షించి, ఫలితములను 2004లో ప్రచురించారు. 1,700 మందిలో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ లోపమున్నది. పుట్టుకతో వచ్చే జీవక్రియల లోపములు వెయ్యిమందిలో ఒకరికి ఉన్నట్లు వారు గమనించారు. థైరాయిడ్ లోపము ఆటిజమ్ కాదు. కాని పసితనములోనే గుర్తించక విడిచిపెడితే బుద్ధి మందగిస్తుంది. గుర్తిస్తే దినమునకొక చిన్న మాత్రతో సరిపోతుంది. ఆ మాత్ర అందక "దేవుడిట్లా పుట్టించాడు" అని మనము సరిపెట్టుకొన్న బిడ్డలెందరో!

హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. అనే కేంద్ర పరిశోధనాలయములోనివారు మరియొక పరిశోధన చేసి 2009లో ప్రచురించారు. ఆటిజమ్ గల 138 మంది పిల్లలను, లేని 138 మంది పిల్లలను పోల్చి చూచారు. ఆకుకూరలలో ఉండే ఫోలేట్ అనే విటమినును శరీరమునకు పనికివచ్చేటట్లు మార్చే ఎంజైము ఒకటున్నది. దాని పేరు ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. ఈ ఎంజైమును కొంచెము మందగింపజేసే జన్యుభేదము ఆటిజమ్ గల పిల్లలలో 16.3 శాతముగాను, మిగిలినవారిలో 6.5 శాతముగాను కనిపించింది. అనగా ఈ భేదమే ఆటిజమ్‌కు కారణమని కాదు. అది ఉండి కూడ ఆరోగ్యముగా ఉన్న పిల్లలున్నారు, అది లేకుండ ఆటిజమ్ గల పిల్లలున్నారు. అవకాశమును కొంత పెంచే అనేక సంగతులలో అదొకటి కావచ్చునని మాత్రమే.

నార్వే దేశములో 85,176 మంది పిల్లలను గమనించి 2013లో ప్రచురించిన పరిశోధనలో, గర్భము ధరించుటకు ముందునుండియు, తొలివారములలోను ఫోలిక్ యాసిడ్ మాత్రలు వాడిన తల్లుల బిడ్డలలో తీవ్రమైన ఆటిజమ్ తక్కువగా కనిపించింది. మాత్రవలననే తగ్గిందని దీనితో రుజువు కాలేదు. అయినను బిడ్డ వెన్నుపాము సరిగా ఏర్పడుటకు ఆ మాత్ర మేలు చేయునన్నది మాత్రము నిశ్చయము. కాబట్టి క్రొత్తగా పెండ్లయిన మన ఆడబిడ్డలకు పాలకూర, తోటకూర, పెసలు, శనగలు తినమని చెప్పండి. ఆశా కార్యకర్త ఇచ్చే మాత్రలను గూటిలో పెట్టి మరచిపోవద్దని చెప్పండి. అయితే మాత్రలు వాడనందుననే నీ బిడ్డ ఇట్లయ్యాడని ఏ తల్లితోను అనవద్దు. ఆ మాట ఎవరికీ తెలియదు, దానివలన మేలు లేదు.

ఇక్కడ మేనరికము మాట కూడ చెప్పవలసియున్నది. ఎంజైము లోపములలో ఎక్కువ భాగము, తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు లోపపు జన్యువులు కలిసినప్పుడే బయటపడతాయి. ఇద్దరును ఒకే లోపమును మోయుచున్న దంపతులకు ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు ప్రమాదమున్నది. రక్తసంబంధము దగ్గరయ్యేకొలది ఇట్లు కలిసే అవకాశము హెచ్చు. మన ప్రాంతములో మేనమామకు, మేనబావకు పిల్లనిచ్చుట ప్రేమతో చేసే పనే. మేమును అటువంటి వివాహములు జరిపించాము. ఇట్లు పెండ్లాడినవారిని నిందించుటకు వ్రాయడము లేదు. వారి బిడ్డలలో అత్యధికులు ఆరోగ్యముగానే ఉంటారు. కాని ఇకమీదట పెండ్లి మాటలనాడే ఈ సంగతి చెప్పుట పాస్టర్ల పని అని మేము గ్రహించాము.

మెదడులోని రసాయనములు

మెదడులో ఒక నాడీకణము మరియొక దానితో మాట్లాడుటకు కొన్ని రసాయనములను వాడుతుంది. గ్లుటమేట్ అనునది "పద" అని తరుముతుంది. గాబా అనునది "ఆగు" అని నిదానింపజేస్తుంది. బండికి కొరడాయు కావలెను, పగ్గమును కావలెను. విచిత్రమేమనగా, ఆ తరిమే గ్లుటమేట్‌నుండే ఒక ఎంజైము ఈ నిదానించే గాబాను తయారు చేస్తుంది. ఆటిజమ్ గలవారు కొందరు మరణించిన తరువాత వారి మెదడును పరీక్షించి, కొన్ని భాగములలో ఆ ఎంజైము తక్కువగా ఉన్నట్లు అమెరికాలోని డాక్టర్ హుస్సేన్ ఫాతెమీ బృందము 2002లో తెలిపింది. చిన్న శబ్దమునకే బిడ్డ ఎందుకు అల్లాడిపోతాడో తెలిసికొనుటకు ఇదొక దారి చూపవచ్చును. కాని పరీక్షింపబడిన మెదళ్ళు కొద్దే.

సెరటోనిన్ అనే మరియొక రసాయనమున్నది. కొందరు ఆటిజమ్ పిల్లల రక్తములో ఇది హెచ్చుగా ఉన్నదని 1961లోనే తెలిసింది. సుమారు నలుగురిలో ఒకరికి ఇట్లుంటుంది. అయితే రక్తములోని సెరటోనిన్ ఎక్కువ భాగము ప్రేగులలో తయారైనది. అది మెదడులోనికి పోదు. కాబట్టి రక్తమును చూచి మెదడును చెప్పలేము. సెరటోనిన్‌మీద పనిచేసే సిటలోప్రామ్ అనే మందును 149 మంది పిల్లలలో పరీక్షించగా, చేసినదే చేసే అలవాట్లు తగ్గుటలో ఉత్త మాత్రకు, మందుకు భేదము లేదని 2009లో తేలింది.

నిద్ర రప్పించే మెలటోనిన్ సంగతి కూడ ఇటువంటిదే. దానిని తయారుచేసే చివరి ఎంజైము కొందరిలో మందగించియున్నదని పారిస్‌లోని పాశ్చర్ సంస్థ పరిశోధకులు 2008లో వ్రాశారు. రాత్రంతా మేలుకొనియుండే బిడ్డల తల్లులకు ఈ మాట ఊరటనిస్తుంది. బిడ్డ మొండితనముచేత మేలుకొనలేదు.

ఇన్ని తెలిసినను, ఈ దినమునకు కూడ ఆటిజమ్‌ను రక్తపరీక్షతో నిర్ణయించలేరు. బిడ్డ ఆటను, చూపును, మాటను ఓపికగా గమనించియే నిర్ణయిస్తారు. మన దేశములో తయారైన 40 అంశముల కొలమానము ఇందుకు ఉన్నది.

కమ్మలు పోయాయి, మాట రాలేదు

ఆ తల్లి కథ ఇంకా ఉన్నది. మా ప్రార్థనలో ఫలము కనబడకపోగా, పట్నములో ఒకచోట చూపించమని ఎవరో చెప్పారు. అక్కడివారు, బిడ్డకు ఎంజైములు తక్కువైనందున తిన్నది విషమై మెదడుకెక్కిందనియు, తమ ఎంజైము పొడి ఆరు నెలలు వాడితే మాట వచ్చుననియు చెప్పారు. ఆమె చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. చాలలేదు. మేము ఆదివారము ఆరాధనలో ప్రకటన చేసి కానుక పట్టించాము. బీడీలు చుట్టే తల్లులు, బెల్లము బజారులో బస్తాలు మోసే తండ్రులు ఇచ్చిన రూపాయలవి. ఆరు నెలలు గడిచాయి. మాట రాలేదు. కమ్మలు కూడ తిరిగి రాలేదు.

ఆ తరువాత మేము తెలిసికొన్నదేమనగా, ఆస్ట్రేలియాలో 43 మంది ఆటిజమ్ పిల్లలకు జీర్ణశక్తి ఎంజైములను కొంతకాలము, ఉత్త పొడిని కొంతకాలము, ఏది ఏదో ఎవరికీ తెలియకుండ ఇచ్చి చూచారు. ప్రవర్తనలోను, మాటలోను, నిద్రలోను చెప్పుకోదగిన భేదము కనబడలేదని 2010లో ప్రచురించారు. మేలు కనిపించిందన్న చిన్న పరిశోధనలు లేకపోలేదు. కాని ఇల్లు తాకట్టు పెట్టదగిన రుజువు ఎక్కడను లేదు. బిడ్డకు కడుపునొప్పి, మలబద్ధకము ఉంటే పిల్లల డాక్టరు వాటికి వైద్యము చేస్తాడు, చేయవలసినదే. నొప్పి తగ్గితే బిడ్డ చికాకు తగ్గును. అది వేరు, ఆటిజమ్ పోవుట వేరు.

సెక్రెటిన్ కథ దీనికంటె పెద్దది. అది క్లోమగ్రంథినుండి జీర్ణరసమును విడుదల చేయించే హార్మోను. 1998లో అమెరికాలో ముగ్గురు ఆటిజమ్ పిల్లలకు కడుపు పరీక్ష కొరకు దానిని ఎక్కించగా, వారి మాట, చూపు బాగుపడినట్లు డాక్టర్లు వ్రాశారు. వార్త వినగానే వేలమంది తల్లిదండ్రులు ఆ ఇంజెక్షను కొరకు పరుగెత్తారు. 1999లో 60 మంది పిల్లలతో పరీక్ష జరిగింది. సగముమందికి సెక్రెటిన్, సగముమందికి ఉప్పునీరు. రెండు గుంపులలోను పిల్లలు ఒకే విధముగా కొంత మెరుగైనట్లు కనిపించారు! మందువలన వచ్చిన మేలు ఏమీ లేదు. ఈ ఫలితమును ఆ తల్లిదండ్రులకు చెప్పిన తరువాత కూడ, వారిలో 69 శాతముమంది మా బిడ్డకు ఆ మందు కావలెననియే అన్నారు.

దీనిని చదివి మేము నవ్వలేదు. ఆశ అనునది అంత బలమైనది. అటువంటి ఆశను అమ్ముకొనుట ఎంత పాపమో, "ప్రార్థన చాలును, డాక్టరు ఎందుకు" అని ఆశను దారి తప్పించుట కూడ అంతే పాపము. ఆ పొడి అమ్మినవారు ఆమె బంగారమును తీసికొన్నారు. మేము ఆమె బిడ్డ జీవితములో ఒక సంవత్సరమును తీసికొన్నాము. చిన్న వయస్సులో మెదడు లేతగా, వంగుటకు అనువుగా ఉన్నప్పుడు జరగవలసిన తర్ఫీదుకు అది విలువైన సంవత్సరము.

డిచ్‌పల్లి నేర్పిన పాఠము

కామారెడ్డినుండి నిజామాబాదు వెళ్ళే దారిలో డిచ్‌పల్లి ఉన్నది. కుష్ఠురోగులను ఊరి వెలుపలికి త్రోసివేసి, ఇది దేవుని శాపమని చెప్పుకొనే దినములలో, మిషనరీ డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు 1915లో అక్కడ వారికొరకు ఆసుపత్రి నెలకొల్పింది. ఆమె ప్రార్థనాపరురాలు. అయినను ప్రార్థించి ఊరకుండలేదు. చాల్మోగ్రా నూనెతో వైద్యము చేసింది. ఇంకా మంచి మందులు తరువాత వచ్చాయి. శాపమని అందరు భయపడినది సూక్ష్మజీవియని తేలింది. మన కండ్లయెదుటనే ఈ పాఠముండగా, మాట రాని బిడ్డను చూచి మనము మరల శాపమనే మాట ఎత్తుట తగునా?

తల్లిదండ్రులు గమనించవలసినవి

బిడ్డకు ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరిగి చూడకపోయినను, ఏడాదిన్నరకు వ్రేలితో "అదిగో" అని చూపకపోయినను, ఒక్క మాట రాకపోయినను, రెండేండ్లకు రెండు మాటలు కలిపి అనకపోయినను, వచ్చిన మాటలు ఏ వయస్సులోనైన పోయినను ఆలస్యము చేయవద్దు. "మగపిల్లలకు మాట ఆలస్యమే", "వాళ్ళ నాయనకు కూడ అయిదేండ్లకే వచ్చింది" అనే మాటలు నమ్మి కూర్చొనవద్దు.

మొదట వినికిడి పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించండి. మూర్ఛలున్నను, దగ్గరి రక్తసంబంధమున్నను, ముందు బిడ్డ కారణము తెలియక చనిపోయినను, ఎంజైము లోపముల పరీక్ష అవసరమా అని పిల్లల డాక్టరును అడగండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద డాక్టర్ల బృందములు అంగన్‌వాడీలకు వస్తాయి. వారికి బిడ్డను చూపండి. మండలములలోని భవిత కేంద్రముల గురించి బడి ఉపాధ్యాయులను అడగండి. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ ఉన్నది. కామారెడ్డినుండి రైలులో ఉదయము పోయి సాయంత్రము రావచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజమ్‌ను కూడ చేర్చారు. కాబట్టి ధ్రువపత్రము తీసికొనుటకు సిగ్గుపడవద్దు. జాతీయ ట్రస్టువారి నిరామయ బీమా పథకమున్నది. దాని వివరములు కనుగొనండి.

అన్నిటికంటె ముఖ్యము, మాటయందును ఆటయందును దినదినము ఇచ్చే తర్ఫీదు. బొమ్మల కార్డులు చూపి అడుగుట, ఒక పనిని చిన్న మెట్లుగా చేసి నేర్పుట, ప్రతి దినము ఒకే క్రమము పాటించుట. ఇది పొడివలె ఆరు నెలలలో ముగిసేది కాదు. కాని దీనివలన మేలు కలుగుట చూచినవారు అనేకులు.

సంఘము చేయవలసినది

ఆ సహోదరి ఇప్పటికీ మా మందిరమునకు వస్తుంది. మేము ఆమెను క్షమాపణ అడిగాము. ఆమె "మీకు తెల్వక జేసిండ్రు అయ్యగారూ, నాకు గూడ తెల్వదు గదా" అన్నది. అంతకంటె మమ్మును తగ్గించిన మాట లేదు.

ఆ తరువాత మందిరములో మైకు స్వరము తగ్గించాము. తలుపు ప్రక్కన, ఫ్యాను కనబడేచోట ఆ బిడ్డకు ఒక చాప ప్రత్యేకించాము. ఎవరును వానిని ముట్టి దీవించరాదని పెద్దలకు చెప్పాము. దూరమునుండి దీవిస్తే దేవుడు వినడా? వాడు లేచి తిరిగినా ఎవరును తల త్రిప్పి చూడరు. యౌవనస్థులు ఇద్దరు వంతులవారీగా వానితో బయట కూర్చుంటారు, తల్లి ఒక గంట వాక్యము వింటుంది. భవిత కేంద్రములో తర్ఫీదు మొదలై మూడేండ్లయింది. మాట ఇంకా రెండు మూడే. కాని దాహమైతే గ్లాసు బొమ్మ ఉన్న కార్డు తెచ్చి తల్లి చేతిలో పెడతాడు. మొన్న ఒక ఆదివారము మా యొద్దకు వచ్చి, మా చేయి పట్టుకొని, ఫ్యాను స్విచ్చి దగ్గరకు తీసికొనిపోయాడు. ముట్టుకొంటే అరచిన బిడ్డ, తానే వచ్చి మా చేయి పట్టుకొన్నాడు.

ఆదికాండము 33వ అధ్యాయములో ఏశావు తన పరివారముతో కలిసి త్వరగా పోదము రమ్మంటే, యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు లేతవారు, మందలో పాలిచ్చేవి ఉన్నాయి, వారు నడవగలిగినంత మెల్లగా నడుస్తానని చెప్పాడు. సంఘమునకు కూడ అదే నడక కావలెను. మన పరిచర్య వేగమునకు బిడ్డను ఈడ్చుట కాదు, బిడ్డ అడుగుకు మన అడుగు తగ్గించుట.

ప్రియులారా, మీ సంఘములో ఇటువంటి బిడ్డ ఉన్న తల్లి ఉంటే, ఈ ఆదివారము ఆమె ప్రక్కన కూర్చొనండి. కారణములు చెప్పవద్దు. సలహాలు తరువాత. "బిడ్డను కాసేపు మేము చూస్తాము, నీవు అన్నము తినమ్మా" అనండి. అదే మొదటి వైద్యము.

మమ్మును మా తల్లుల గర్భములో నిర్మించిన తండ్రీ, మాకు అర్థము కాని బిడ్డలను నీవు ఎరిగియున్నావు. వారి తల్లులమీద మేము మోపిన నిందను మానుండి తీసివేయుము. పరిశోధించువారికి తెలివిని, తర్ఫీదిచ్చువారికి ఓర్పును, మా సంఘములకు మెల్లగా నడిచే ప్రేమను దయచేయుము. ఆమేన్.